పంపు మీద తడిగుడ్డ

పోయిన నెల ఈ శీర్షికలో మా ఫియట్‌లో హార్స్‌లీ కొండకు వెళ్ళొచ్చిన కబుర్లు రాశాను. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పాత కార్లతో దూరప్రయాణాల గురించే ఉన్నాయి. అందుకే ఈసారి పేజీ మొత్తం వాటికే ఇస్తున్నాను. కొత్తగా చదివేవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. మాది 1970 నాటి ఫియట్ 1100 డిలైట్. చిత్తూరులో బెల్లం మండీ నడిపిన మా నాయన 1974లో మద్రాసులో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. ఆయన పోయాక నా దగ్గరికి వచ్చింది. బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరై తిరుపతిలో ఉంటున్నాను. నెలకోసారైనా ఈ బండిలో ఎక్కడికో ఒకచోటికి బయల్దేరతాను. కింద చెప్పేదంతా నాయన దగ్గరా, ఇద్దరు మంచి మెకానిక్కుల దగ్గరా, రోడ్డు పక్కన నిలబడీ నేర్చుకున్నదే.

మా తాతగారి 1972 మోడల్ ఫియట్ పదకొండేళ్ళుగా షెడ్డులో ఉంది. ఆయనకిప్పుడు ఎనభై నాలుగేళ్ళు. ఒక్కసారి అందులో ఆయన్ని హార్స్‌లీ కొండకు తీసుకెళ్ళాలని ఉంది. కొత్త బ్యాటరీ తెచ్చాను. స్టార్ట్ చేసి చూడమంటారా? – మదనపల్లె నుంచి ఒక పాఠకుడు

వద్దు బాబూ, ఇప్పుడే వద్దు. ఆ బ్యాటరీని ఇంకో పది రోజులు పక్కన పెట్టండి. పదకొండేళ్ళు కదలని ఇంజన్‌లో పిస్టన్ రింగులు బోరుకు, అంటే పిస్టన్ ఆడే గొట్టం గోడకు, తుప్పుతో అతుక్కుని ఉండొచ్చు. అలాంటప్పుడు సెల్ఫ్ కొడితే రింగులు విరుగుతాయి, బోరు గీసుకుపోతుంది. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కో రంధ్రంలో రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ పోసి రెండు రోజులు వదిలెయ్యండి. తర్వాత ప్లగ్గులు పెట్టకుండానే బండిని నాలుగో గేరులో వేసి, ఇద్దరు మెల్లగా ముందుకు తొయ్యండి. ఇంజన్ మెత్తగా తిరిగితే సగం దిగులు పోయినట్టే. తిరక్కపోతే బలవంతం చెయ్యకండి. మళ్ళీ ఆయిల్ పోసి ఇంకో రెండు రోజులు ఆగండి.

ట్యాంకులో మిగిలిన పెట్రోల్ వాసన చూడండి. వార్నిష్ వాసన వస్తుంది. అది చుక్క కూడా ఇంజన్‌లోకి పోకూడదు. ట్యాంకు దించి కడిగించండి, పెట్రోల్ పైపులు మార్చండి, కార్బ్యురేటర్ విప్పించి శుభ్రం చేయించండి. ఇంజన్ ఆయిల్ కూడా మార్చాకే సెల్ఫ్ ముట్టుకోండి.

అయితే ఇంజన్ కంటే ముందు నేను బ్రేకులు చూస్తాను. ఈ బండికి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. చక్రాల సిలిండర్లలో రబ్బరు కప్పులు ఈపాటికి ఎండిపోయి ఉంటాయి. మాస్టర్ సిలిండర్ కిట్టు, నాలుగు చక్రాల కప్పులు, బ్రేకు హోసులు, కొత్త బ్రేక్ ఆయిల్, ఇవన్నీ ఒకేసారి వేయించండి. హోసులు బయటికి బాగానే కనిపిస్తాయి. లోపల ఉబ్బిపోయి, తొక్కిన బ్రేకు వదలకుండా పట్టేసుకుంటాయి. పైకి చూసి మోసపోకండి.

టైర్ల విషయంలో నేనే మోసపోయాను. పాకాల దగ్గర మా బండి వెనక టైరు పేలింది. బటన్లు కొత్తవాటిలాగా ఉన్నాయి కదా అని పన్నెండేళ్ళ నాటి టైరును నమ్మాను. టైరు పక్కగోడ మీద నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 1409 అని ఉంటే 2009లో పద్నాలుగో వారంలో తయారైందని అర్థం. మీ షెడ్డులో ఉన్నవి ఎంత బాగా కనిపించినా అయిదూ మార్చండి. అయిదూ అంటే స్టెప్నీతో కలిపి.

ఆ తర్వాత మొదటి రోజు మీ వీధి చుట్టూ తిప్పండి. తర్వాత ఒక ఆదివారం అంగళ్ళు దాకా వెళ్ళి రండి. ఇంటికి రాగానే బండి కింద అట్టముక్కలు పరిచి, ఏ చుక్క ఎక్కడ పడిందో చూడండి. ఇంకో ఆదివారం వాయల్పాడు దాకా. ఈ మూడూ ఏ టెన్షన్ లేకుండా జరిగితేనే కొండ. హార్స్‌లీ కొండ ఎత్తు సుమారు 1,265 మీటర్లు. మీ మదనపల్లే దాదాపు ఏడు వందల మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి సగానికి పైగా మీ ఇంటి దగ్గరే ఎక్కేసినట్టు. మిగిలింది చివరి ఘాటు. రెండో గేరులో, తొందర లేకుండా ఎక్కండి.

ఒక మనవి. ఈ పనులన్నీ జరిగేటప్పుడు తాతగారికి షెడ్డు దగ్గర కుర్చీ వేయండి. ఆ బండికి చోకు ఎంత లాగాలో, క్లచ్చు ఎక్కడ పట్టుకుంటుందో ఏ మెకానిక్కుకీ తెలియదు. ఆయన చేతికీ కాలికీ గుర్తుంటుంది.

మా ఫియట్ ఎండాకాలంలో మొగిలి ఘాటు ఎక్కేటప్పుడు ఆగిపోతోంది. అరగంట వదిలేస్తే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. రెండుసార్లు కార్బ్యురేటర్ మార్పించాం, డబ్బు పోయింది గానీ జబ్బు పోలేదు. – చిత్తూరు నుంచి ఒక పాఠకురాలు

అమ్మా, మీ ఉత్తరం చదవగానే 1981 మే నెల గుర్తొచ్చింది. అదే ఘాటు. బెంగుళూరులో మా పిన్ని కూతురి పెళ్ళికి వెళ్తున్నాం. బయల్దేరేసరికే పదకొండు దాటింది. మొగిలి దాటి ఎక్కుతుంటే బండి రెండు దగ్గులు దగ్గి నిలబడిపోయింది. నాకు పదహారేళ్ళు. నాయన బానెట్ ఎత్తి, కాసేపు ఏమీ ముట్టుకోకుండా చూస్తూ నిలబడ్డాడు. తర్వాత వెనక్కి తిరిగి, "ఆ క్యారియర్‌కు చుట్టిన తువ్వాలు ఇట్లియ్యి" అన్నాడు అమ్మతో. పులిహోర వాసన కొట్టే తువ్వాలు. మరచెంబులో నీళ్ళతో దాన్ని తడిపి, పిండకుండానే ఇంజన్ పక్కన ఉండే పెట్రోల్ పంపు మీద చుట్టాడు. సుయ్ మని శబ్దం వచ్చింది. తువ్వాలులో నుంచి సన్నగా ఆవిరి లేచింది. ఇంకాసిన్ని నీళ్ళు పోశాడు. మళ్ళీ సుయ్. మూడోసారి పోసినప్పుడు శబ్దం రాలేదు. అప్పుడు సెల్ఫ్ కొట్టాడు. నాలుగో ప్రయత్నానికి ఇంజన్ అందుకుంది. పెళ్ళికి ముహూర్తానికి ముందే చేరాం. ఆ తువ్వాలు ఆ తర్వాత వంటింటికి రాలేదు, డిక్కీలోనే ఉండిపోయింది.

మెకానిక్కులు ఎయిర్ లాక్ అంటారు గానీ నిజానికి అది గాలి కాదు, పెట్రోల్ ఆవిరి. పాత బండ్లలో పంపు ఇంజన్‌కే బిగించి ఉంటుంది, ట్యాంకు ఎక్కడో వెనక. అంటే పంపు పెట్రోల్‌ను దూరం నుంచి పీల్చుకోవాలి. ఘాటులో ఇంజన్ బాగా కాగి, బండి వేగం లేక గాలి తగలకపోతే పంపులోనూ పైపులోనూ పెట్రోల్ ఆవిరైపోతుంది. పంపు ద్రవాన్ని లాగగలదు గానీ ఆవిరిని లాగలేదు. చల్లారితే ఆవిరి మళ్ళీ పెట్రోలవుతుంది, బండి కదులుతుంది. కొత్త కార్లలో పంపు ట్యాంకులోనే ఉండి వత్తిడితో ముందుకు తోస్తుంది కాబట్టి వాటికి ఈ బాధ తక్కువ.

అయితే ఇదే లక్షణం చూపించే దొంగ ఇంకొకడున్నాడు, కండెన్సర్. ప్లగ్గులకు నిప్పురవ్వ సరిగా అందేలా చూసే చిన్న డబ్బీ, బొటనవేలంత కూడా ఉండదు. వేడెక్కితే పనిమానేస్తుంది, చల్లారితే మళ్ళీ పనిచేస్తుంది. అందుకే ఈసారి ఆగినప్పుడు ఒక పది నిమిషాలు చల్లారనిచ్చి, ముందు కరెంటు చూడండి. స్పేర్ ప్లగ్గు ఒకటి వైరుకు తగిలించి, ఇంజన్ ఇనుముకు ఆనించి సెల్ఫ్ కొట్టించండి. చుట్టుపక్కల పెట్రోల్ తడి లేదని చూసుకున్నాకే. నీలంగా, చిటపటలాడుతూ నిప్పురవ్వ వస్తే కండెన్సర్ మంచిదే, తప్పు పెట్రోల్‌ది. పసుపుగా, నీరసంగా వచ్చినా, అసలు రాకపోయినా కండెన్సర్ మార్చండి, కరెంటును కలిపి తెంచే పాయింట్లు కూడా మార్చండి. ఏ పరీక్షా చెయ్యకుండా రెండు కార్బ్యురేటర్లు అమ్మినవాళ్ళ మీద నాకు కోపంగానే ఉంది.

పెట్రోల్‌ది తప్పయితే శాశ్వతమైన మందు మూడు చోట్ల ఉంటుంది. పంపుకీ ఇంజన్‌కీ మధ్య వేడి దిగకుండా మందపాటి బేకలైట్ ప్యాకింగ్ ఉండాలి. చాలా బండ్లలో ఎవరో విప్పినప్పుడు తీసి పారేసి, పల్చటి కాగితం ప్యాకింగ్ వేసి ఉంటారు. పెట్రోల్ పైపు సైలెన్సర్ పైపుకు దూరంగా పోవాలి. ఫ్యాన్ బెల్టు బిగువుగా ఉండాలి. వీటన్నిటికంటే మంచి మందు, ఘాటును ఉదయం ఏడింటికి ముందే ఎక్కడం.

మీరు రాసిన తిరుపతి–హార్స్‌లీ కొండ దారిని నేను నా కారులో ఏసీ వేసుకుని మూడు గంటల్లోపే పూర్తి చేస్తాను. మీకు పట్టింది దాదాపు ఆరు గంటలు. ఇంత శ్రమ పడి పాత బండిలో వెళ్ళడంలో ఉన్న సుఖమేమిటో నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను. – రేణిగుంట నుంచి ఒక పాఠకుడు

మీరు నిజంగా అడిగారు కాబట్టి నిజంగానే చెప్తానండీ.

మా బండి ముందు కిటికీల్లో చిన్న మూడుమూలల అద్దం ఒకటి ఉంటుంది. దాన్ని తిప్పితే గాలి తిన్నగా గొంతు మీదికి వస్తుంది. తెల్లవారి అయిదింటికి చంద్రగిరి కోట దాటి, భాకరాపేట ఘాటు మొదలయ్యేసరికి ఆ గాలి మారుతుంది. ఊరి గాలి వేరు, అడివి గాలి వేరు. ఘాటు దాటి పీలేరు వైపు దిగుతుంటే ఇంకో రకం, తడిమట్టి, చెరుకుతోట. అద్దాలు ఎత్తుకుని వెళ్ళినప్పుడు ఈ తేడా నాకు ఏనాడూ తెలియలేదు. జూన్‌లో దామలచెరువు దగ్గర మామిడి మండీల వాసన అర కిలోమీటరు ముందే పలకరిస్తుంది. ఎక్కడైనా బెల్లం వండుతుంటే నేను బండి ఆపేస్తాను. ఆ వాసనలో మా నాయన చొక్కా ఉంటుంది.

ఇక యాభైలో పోతే చదవడానికి టైముంటుంది. గోడల మీద రాతలు, కిలోమీటరు రాళ్ళు, మైలురాయికి పసుపు రాసి బొట్టు పెట్టిన చోట్లు. బండి చప్పుడు కూడా ఉంటుంది. ఆ చప్పుడు నాతో మాట్లాడుతుంది. మూడో గేరులో ఎక్కుతూ కాస్త బరువుగా మూలిగిందంటే రెండో గేరు అడుగుతోందని అర్థం. అడిగింది ఇచ్చినప్పుడు బండి ముందుకు సాగే తీరు ఉంది చూశారూ, దాని కోసమైనా నేను ఆరు గంటలు ఇస్తాను.

ఆగిపోవడంలో కూడా నాకు దొరికింది ఉంది. భాకరాపేట ఘాటులో ఒకసారి రేడియేటర్ కింది హోసు చిట్లింది. టెంపరేచర్ ముల్లు ఎర్రగీత మీదికి వెళ్ళడం చూసి పక్కకు తీసి ఆపాను. బానెట్ సందుల్లోంచి ఆవిరి. మూత విప్పకూడదని నాకు తెలుసు. లోపల నీళ్ళు మరుగుతూ వత్తిడితో ఉంటాయి, విప్పితే మొహం మీద పడతాయి. నలభై నిమిషాలు కూర్చోవాలి. అక్కడ మేకలు కాసే పెద్దాయన ఒకాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. ఏనుగులు ఈ వంక వెంబడే కిందికి దిగుతాయని, చీకటి పడితే ఇక్కడ ఉండొద్దని చెప్పాడు. ఏ వంక అని అడిగితే లేచి చూపించాడు. చల్లారాక హోసు తుడిచి, సైకిల్ ట్యూబు ముక్కను సాగదీసి చుట్టి, పైన కట్టుతీగ బిగించాను. పెద్దాయన తన క్యానులో నీళ్ళన్నీ పోసేశాడు. వద్దంటే వినలేదు, "నాకు కింద కుంట ఉంది, నీకేముంది?" అన్నాడు. రేడియేటర్ మూతను సగమే బిగించి, హోసు మీద వత్తిడి పడకుండా, ముప్పైలో ఊళ్ళోకి చేరాను. ఆ ఘాటులో నేను ఎన్ని వందలసార్లు పోయానో లెక్కలేదు. ఆ వంక ఎక్కడుందో ఆ రోజే తెలిసింది.

మీ మూడు గంటల ప్రయాణం తప్పని నేననను. ఆస్పత్రికో పరీక్షకో అయితే నేనూ కొత్త బండే ఎక్కుతాను.

ఇప్పుడు వచ్చే ఇరవై శాతం ఇథనాల్ పెట్రోల్ పాత ఇంజన్లను తినేస్తుందంటున్నారు. బండి అమ్మేయమని మావాళ్ళ పోరు. – శ్రీకాళహస్తి నుంచి ఒక పాఠకుడు

అమ్మకండి. 2000 ఫిబ్రవరిలో దేశమంతటా సీసం కలిపిన పెట్రోల్ ఆగిపోయినప్పుడు కూడా పాత బండ్ల పని అయిపోయిందన్నారు. అంబాసిడర్ లాంటి ఇనుప హెడ్డు ఇంజన్లకు గట్టి వాల్వ్ సీట్లు వేయించుకుని జనం నడుపుకున్నారు.

ఇథనాల్ ప్రధానంగా దెబ్బకొట్టేది రబ్బరును. పాతకాలపు రబ్బరు పైపులు, పంపులో డయాఫ్రం, కార్బ్యురేటర్‌లో ప్యాకింగులు ఉబ్బి, మెత్తబడి, పగుళ్ళిస్తాయి. పెట్రోల్ కారేది అక్కడే, నిప్పు అంటుకునే ప్రమాదమూ అక్కడే. అందుకే ఇథనాల్‌ను తట్టుకునే రబ్బరుతో వీటన్నిటినీ ఒకేసారి మార్చండి. రెండోది, ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి నిలవున్న పెట్రోల్‌లో నీళ్ళు వేరై ట్యాంకు అడుగుకు చేరి తుప్పు పడుతుంది. వారానికోసారి ఓ ఇరవై కిలోమీటర్లు తిప్పితే ఆ బాధ ఉండదు. మూడోది, ట్యాంకులో ఏళ్ళుగా పేరుకున్న మడ్డిని అది కరిగించి ముందుకు తోస్తుంది. పైపు మధ్యలో లోపల కనిపించే ఫిల్టర్ ఒకటి పెట్టి, మొదటి నెల తరచూ చూస్తూ ఉండండి. మైలేజీ కాస్త తగ్గుతుంది, ఎందుకంటే లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే. ఇంజన్ బక్కగా, దగ్గుతూ నడుస్తుంటే కార్బ్యురేటర్‌లో మెయిన్ జెట్, అంటే పెట్రోల్ పోయే సన్నటి రంధ్రం, ఒక సైజు పెంచి చూడమని మెకానిక్కుకు చెప్పండి.

మా నాన్నగారి అంబాసిడర్‌లో ఒక్కసారైనా తిరుమల కొండకు వెళ్ళి స్వామి దర్శనం చేసుకోవాలని కోరిక. వెళ్ళొచ్చా? – తిరుపతి నుంచి ఒక పాఠకుడు

మీ కోరిక నాకు అర్థమవుతుంది. మొదటి ఘాటు రోడ్డు 1944లో వచ్చింది, రెండోది 1974లో. ఇప్పుడు ఎక్కేది రెండోదాంట్లో, దిగేది మొదటిదాంట్లో. మా నాయన బండి కొన్న కొత్తలో మేమూ ఇదే ఫియట్‌లో ఎన్నోసార్లు కొండకు వెళ్ళాం. మీరు అడగాల్సిన ప్రశ్న ఎక్కడం గురించి కాదు, దిగడం గురించి.

1988లో ఒకసారి దిగుతూ స్టీరింగ్ దగ్గర నేనున్నాను, పక్కన నాయన. మూడో గేరులో దిగుతూ ప్రతి మలుపుకీ బ్రేకు తొక్కుతూ వచ్చాను. సగం దిగాక ఏదో కాలిన వాసన. ఆ తర్వాతి మలుపులో పెడల్ ఎప్పటికంటే కిందికి దిగింది, బండి మాత్రం ఆగడం లేదు. నాయన అరవలేదు. "రెండుకి వెయ్యి" అన్నాడు, చాలా మామూలుగా. వేశాను. ఇంజన్ గట్టిగా అరిచి బండిని పట్టుకుంది. కొండ వైపు వెడల్పున్న చోట ఆపి, చక్రం కింద రాయి పెట్టాం. డ్రమ్ముల దగ్గర చెయ్యి పెడితే అడుగు దూరం నుంచే వేడి కొడుతోంది. నీళ్ళు పోద్దామని నేను సీసా తీస్తే నాయన చెయ్యి పట్టుకున్నాడు. కాలిన ఇనుము మీద చన్నీళ్ళు పడితే పగుళ్ళిస్తుంది. గంటసేపు ఆగి, మిగతా దారంతా రెండో గేరులోనే దిగాం.

డ్రమ్ము కాగితే వ్యాకోచించి లైనింగుకు దూరమవుతుంది, లైనింగు కూడా పట్టు వదిలేస్తుంది. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగాలి. పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్ చేసి దిగేవాళ్ళను నేను చూశాను. దయచేసి ఎవరూ ఆ పని చెయ్యకండి.

ఇప్పుడు మీ ప్రశ్నకు నా జవాబు. నేను మా ఫియట్‌ను కొండకు తీసుకెళ్ళడం మానేశాను. బండి ఎక్కలేదని కాదు. నా బండి ఒక మలుపులో ఆగితే వెనక వందలమంది యాత్రికులు ఆగిపోతారు. చంటిపిల్లలతో వచ్చినవాళ్ళుంటారు, దర్శనం టైము దాటిపోయేవాళ్ళుంటారు. అలిపిరి దాకా ఫియట్‌లో వెళ్ళి, అక్కడి నుంచి బస్సెక్కుతాను. మీ బండిని కాణిపాకం తీసుకెళ్ళండి. చిత్తూరు దాటాక పన్నెండు కిలోమీటర్లలోపే, నేలబారు దారి. పాత బండికి పూజ చేయించుకోవడానికి వినాయకుడి కంటే దగ్గరివాడెవరు?

మా మామగారి అంబాసిడర్‌ను నేను నడుపుతాను. సెలవుల్లో పిల్లలిద్దరినీ తీసుకుని కైలాసకోనకో తలకోనకో వెళ్ళాలంటే ఇంట్లో అందరూ "ఆడమనిషివి, దారిలో ఆగిపోతే ఏం చేస్తావు?" అంటున్నారు. – పుత్తూరు నుంచి ఒక టీచరమ్మ

తల్లీ, ప్రపంచంలో కారులో మొదటి దూరప్రయాణం చేసింది ఆడమనిషే. 1888లో జర్మనీలో బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకులనూ ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్త్స్‌హైమ్‌కు, వంద కిలోమీటర్లకు పైగా వెళ్ళింది. దారిలో పెట్రోల్ పైపు మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి తీసింది. ఇంధనం అయిపోతే మందుల షాపులో కొనుక్కుంది. ఈ సంగతి ఇంట్లో చెప్పండి.

చెప్పాక, వాళ్ళ భయాన్ని కూడా తేలిగ్గా తీసుకోకండి. పాతకాలపు అంబాసిడర్లకు సీటు బెల్టులు ఉండేవి కావు. ముందు బెల్టులు బిగించండి, వెనక పిల్లలకు కూడా. ఆ తర్వాతే కైలాసకోన. పిల్లలు ఎంత మారాం చేసినా ముందు సీటులో మధ్యన కూర్చోబెట్టకండి. నిప్పు ఆర్పే చిన్న సిలిండర్ డ్రైవర్ సీటు కింద ఉండాలి, డిక్కీలో కాదు. సాయంత్రం అయిదుకల్లా ఇంటికి చేరేలా లెక్క వేసుకోండి, పాత దీపాలతో రాత్రి ప్రయాణం వద్దు. బండి ఆగితే పిల్లల్ని రోడ్డుకు ఎడంపక్కన దూరంగా నిలబెట్టాకే బానెట్ ఎత్తండి.

నా డిక్కీలో ఎప్పుడూ ఉండేవి చెప్తాను: ఫ్యాన్ బెల్టు, పాయింట్ల సెట్టు, కండెన్సర్, రెండు ప్లగ్గులు, ఫ్యూజులు, రేడియేటర్ హోసులు, సైకిల్ ట్యూబు, కట్టుతీగ, లాగే తాడు, పది లీటర్ల నీళ్ళు, పాత తువ్వాలు. అంబాసిడర్ స్టీరింగ్ బరువు. ఆగి ఉన్నప్పుడు బలంగా తిప్పకండి, బండి కాస్త కదులుతుండగా తిప్పితే చేతులు నొప్పెట్టవు. ముందు ఒక ఆదివారం మీ మామగారిని పక్కన కూర్చోబెట్టుకుని నారాయణవనం దాకా వెళ్ళి రండి. ఆయన ధైర్యమిస్తే ఇంట్లో మిగతావాళ్ళూ సర్దుకుంటారు.

వేలూరులో బంధువుల దగ్గర 1968 కారు కొంటున్నాను. వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకుంటే మంచిదా? – కుప్పం నుంచి ఒక పాఠకుడు

ఏం చెయ్యబోతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్ళు దాటి, పెద్ద మార్పులేవీ చెయ్యని సొంత వాహనాలు వింటేజ్ కిందికి వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. నంబరులో 'వీఏ' అక్షరాలు ఉంటాయి. కానీ ఆ నంబరుతో బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోల్‌కు, రిపేరుకు లాంటి వాటికే రోడ్డు మీదికి తేవాలి. రోజువారీ వాడకానికి కుదరదు. నాలాగా నెలకోసారి ఊళ్ళు తిరగాలంటే మామూలు రిజిస్ట్రేషన్‌నే అయిదేళ్ళకోసారి ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవడం మేలు. నేను చేస్తున్నదదే. తమిళనాడు బండి కాబట్టి అక్కడి ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ చేతికొచ్చాకే డబ్బు మొత్తం ఇవ్వండి, బంధువులైనా సరే. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీలో ఉన్నవాటితో మీరే స్వయంగా పోల్చుకోండి.

మీ కారులో గేరు స్టీరింగ్ దగ్గర ఎందుకుంది? మా నాన్న కారులో కింద ఉంది. – ఆరో తరగతి, పలమనేరు

మంచి ప్రశ్న కన్నా. మా బండి పుట్టిన కాలంలో ముందు సీటు ఇప్పటిలాగా రెండు ముక్కలు కాదు, పొడుగాటి బల్లలాగా ఒకటే. మధ్యలో కూడా ఒకరు కూర్చునేవాళ్ళు. గేరు కింద ఉంటే వాళ్ళ కాళ్ళకు అడ్డం కదా. అందుకని దాన్ని స్టీరింగ్ కిందికి, ఎడమ చేతికి అందేలా పెట్టారు. అక్కడి నుంచి ఇనుప కడ్డీలు బానెట్ కిందుగా పోయి గేరు బాక్సును కదుపుతాయి. ఆ కడ్డీల కీళ్ళు అరిగితే గేరు వదులుగా ఊగుతుంది, మా బండికి కూడా పోయిన ఏడాదే మార్పించాను.

నీకు చెప్పాను కదా మధ్యలో ఒకరు కూర్చునేవాళ్ళని, మా బండిలో అది నా చోటు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఇవాళ నీలాంటి పిల్లల్ని బెల్టు లేకుండా అక్కడ కూర్చోబెట్టను, అది వేరే సంగతి. చిత్తూరు నుంచి మీ పలమనేరు వస్తుంటే నాయన చెయ్యి నా కళ్ళ ముందే గేరు మార్చేది. ఘాటంతా రెండు, మూడు, మళ్ళీ రెండు. ఘాటు ఎక్కేసి, చల్లగాలి తగిలి, నాలుగో గేరు పడగానే ఆ చెయ్యి కిందికి వచ్చి నా మోకాలి మీద ఆగేది. పలమనేరు వచ్చేదాకా అక్కడే ఉండేది.